ఊపిరి గొట్టం

మొన్న వేంపల్లె బడి పంతులు ఒకాయన బదిలీ అర్జీ పట్టుకొని కడపలో మా ఆఫీసుకు వచ్చాడు. నేను అర్జీ చదువుతుంటే ఊరికే కూర్చోలేక ఊరి కబుర్లు మొదలుపెట్టాడు. వానలు లేవు, శనక్కాయ ఎండిపోయింది, బడి కప్పు కురుస్తుంది అంటూ, ఆ వరసలోనే, "మా ఊరి మోటార్ల మిస్త్రీ నిన్న పొద్దున కాలం చేసినాడు సార్. మునుపు రాయచోటిలో ఉండెనంట. మీకు తెలిసుంటాదేమో" అన్నాడు.

నాకు తెలుసు. నా సంతకం పెట్టాల్సిన చోట పెట్టకుండా పంతులు సంతకం పక్కన పెట్టి, సిరా ఆరకముందే కాగితం మడిచి ఆయన చేతికిచ్చేశాను. ఆయన బయటికి వెళ్ళి చూసుకొని మళ్ళీ లోపలికి వచ్చాడు. "సార్, ఈడ గాదు, ఆడ" అని భయం భయంగా చూపించాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక పంతులు నా తప్పు నాకు చూపించడం అదే మొదలు.

బడుల తనిఖీ నా పని. హాజరుపట్టీలో ఒక గీత వంకర పోయినా పట్టుకుంటాను, సుద్దముక్కల డబ్బాలో చెయ్యి పెట్టి చూస్తాను. ఎంతమంది మీద ఎన్ని తప్పులు రాశానో లెక్కలేదు. నా మీద నేను రాసుకోవలసిన తప్పు మాత్రం తొమ్మిదేళ్ళుగా రాయకుండా దాచుకున్నాను. ఆ మిస్త్రీని గురించి నాలుగు మాటలు రాయాలంటే అది కూడా రాయక తప్పదు. ఆయన ఎదుట ఉన్నన్నాళ్ళూ నేను 'నువ్వు' అనేవాణ్ణి, నాకంటే పదేళ్ళు పెద్దవాడైనా. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. మనిషి పోయాక మర్యాద ఇవ్వడం ఎంత సులువో!

అప్పట్లో నాకు రాయచోటిలో ఉద్యోగం. కాలువల ఇంజనీరు తెల్లదొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ అమ్మిన మోటారు సైకిలు నేను కొన్నాను. ఒంటి సిలిండరు బండి, నా చేతికి వచ్చేటప్పటికే దానికి ముసలితనం వచ్చేసింది. అది పరుగెత్తడంలో లోపం లేదు. కానీ ఎక్కడ నిలబెడితే అక్కడ అంత నూనె మడుగు కట్టేది. నేను ఏ ఊరి బడికి వెళ్ళినా పంతులు ముందు నాకు కుర్చీ తెచ్చేవాడు, తర్వాత నా బండి కిందికి పగిలిన కుండ పెంకు తెచ్చేవాడు. పిల్లలు నన్ను చూసి కాక ఆ పెంకు చూసి నవ్వుకునేవాళ్ళని నాకు తెలుసు. నవ్వే పిల్లల బడికి ఆ రోజు నేను మార్కులు బిగించి వేసేవాణ్ణని కూడా ఒప్పుకోవాలి.

మిస్త్రీ కొట్టం కడప రోడ్డు మీద ఉండేది. బోద కప్పు, మూడు వైపులా తడికెలు. మనిషి సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. చెవి సందులో ఎప్పుడూ ఒక కోడి ఈక. ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. వాళ్ళది తాతల నాటి నుంచి లక్క గాజులు చేసే ఇల్లు. లక్కను స్పిరిట్లో కరిగించి, ఆ ఈకతో ఇంజను అతుకులకు పలుచగా పూసేవాడు. కుంచె పెడితే మందంగా పడుతుందట. "మందంగా పూసేటోడు చేతగానోడు సారూ" అనేవాడు. ఆయన నోటి వెంట నేను విన్న గట్టి తిట్టు అదే.

మొదటిసారి బండి తీసుకుపోయి, ఇదిగో ఇక్కడ కారుతుంది, ఇక్కడ బిగించు అని నేను వేలు పెట్టి చూపించాను. ఆయన పానా ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకొని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది నూనె కనపడే చోటు సారూ. నాకు పుట్టే చోటు కావాల" అన్నాడు. "మీ ఇంట్లో ముగ్గుపిండి ఉంటాది గదా. ఒక దోసెడు తెప్పీండి."

ముగ్గుపిండి అడిగితే మా ఆవిడ పగలబడి నవ్వింది. బండికి సీమంతం చేస్తున్నారా అంది. మిస్త్రీ ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, ముగ్గుపిండి చల్లాడు. నల్లని ఇంజను తెల్లగా అయింది. నన్ను ఊరి చివరి దాకా పోయి రమ్మన్నాడు. తిరిగి వచ్చేసరికి ఆ తెలుపు మీద సెనగగింజంత తడి మచ్చ ఒకటి కనపడింది. నేను చూపించిన చోటుకు జానెడు ముందర, పైన.

"చూస్తిరా? గాలికి నూనె ఎనక్కి పోతాది. ముందర పుట్టి ఎనక కనపడతాది. మీరు ఎనక ఎంత బిగిస్తే ఏం లాభం?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. పరులు నాకు పాఠం చెప్పడం అలవాటు లేనివాణ్ణి. పని మాత్రం ఎంతో నచ్చింది. అప్పటి నుంచి, పని లేకపోయినా, సాయంత్రాలు ఆ కొట్టంలో పోయి కూర్చునేవాణ్ణి.

ఆయన కొట్టంలో అన్నిటికంటే విలువైన వస్తువు ఒక కడప బండ. రెండు అడుగుల చదరం, అద్దంలా నున్నన. గనికి తానే పోయి, నలభై బండల మీద నీళ్ళు పోసి, నీళ్ళు ఎటూ జారకుండా నిలిచిన దాన్ని ఏరుకొని, కంబళిలో చుట్టి ఎద్దుల బండిలో తెచ్చుకున్నాడట. ఇంజను మూత ఊడదీసి, ఆ బండ మీద సన్నని రాతిపొడి, నూనె వేసి, మూతను బోర్లించి రుద్దేవాడు. అడ్డంగా రుద్దడు, నిలువుగా రుద్దడు. ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దుతాడు. కాసేపటికి కడిగి, బట్టలకు పెట్టే నీలిమందు బండ మీద పలుచగా పూసి, మూతను ఒకసారి ఆనించి తీసేవాడు. ఎక్కడ నీలి అంటితే అక్కడ ఎత్తు, అంటని చోట పల్లం. మూత అంచంతా ఒకే నీలిగా వచ్చేదాకా వదలడు. అట్లా ఒక పూటంతా రుద్దడం నేను చూశాను. "సందే లేకుంటే నూనెకు దోవ యాడిది సారూ?" అనేవాడు.

ఒకరోజు నేను మరిచిపోయి నా టోపీ ఆ బండ మీద పెట్టాను. ఆయన టోపీ తీసి నా చేతికిచ్చి, పంచె చెంగుతో బండ తుడిచి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఇన్‌స్పెక్టరు టోపీని అట్లా తీసి చేతికిచ్చిన మనిషి ఆ తాలూకాలో ఇంకొకడు లేడు.

అతుకు మధ్య పెట్టే కాగితం కూడా ఆయనే కత్తిరించుకునేవాడు. ఇంజను అంచు మీద కాగితం పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తట్టుకుంటూ పోతే అంచు వెంబడి కాగితం తెగి అచ్చంగా ఆ ఆకారం వచ్చేది. మా ఆఫీసు పాత రిజిస్టర్ల అట్టకాగితం ఆయనకు ఇష్టం. నేను ఒక కట్ట ఇచ్చాను. ఒకనాడు కత్తిరించిన ముక్క మీద నా చేతిరాత కనపడింది. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఏం రాసినారు సారూ అని అడిగాడు. "'పని తృప్తికరముగా లేదు' అని ఉంది" అన్నాను. ఆయన చేతిలో సుత్తి ఆపి నవ్వాడు.

"అట్లయితే ఈ ముక్క వద్దులే సారూ. ఇంజనుకు కోపం వస్తాది" అని దాన్ని పక్కన పెట్టి, రాతలేని కాగితం తీసుకున్నాడు.

పని ముగిశాక ఆయన ఒక పని చేసేవాడు. అది చూడడానికి దారిన పోయేవాళ్ళు కూడా ఆగేవాళ్ళు. శుక్రవారం నమాజుకు తలకు కట్టుకునే తెల్లని దస్తీ ఒకటి ఆయనకు ఉండేది. దాన్ని పళ్ళెంలో పరిచి ఇంజను కింద పెట్టి, అరగంట ఇంజను ఆడించేవాడు. దస్తీ మీద ఒక్క చుక్క పడిందా, ఆ వారం నమాజుకు ఆయనకు దస్తీ లేదు. నేను చూసిన రెండేళ్ళలో ఒక్క చుక్క పడలేదు. దస్తీ దులిపి మడిచి భుజాన వేసుకొని, "కారదు" అనేవాడు. అంతే. బాగుంది చూడండి అనడు, దేవుడి దయ అనడు. కారదు. ఆ ఒక్క మాట విని డబ్బున్న రైతులు పులివెందుల నుంచి కూడా బండ్లు తెచ్చేవాళ్ళు.

ఇంజను కింద ఎడమవైపు వేలెడంత గొట్టం ఒకటి ఉండేది. దాని కింద మాత్రం దస్తీ అంచు రాకుండా ఒక డబ్బా మూత పెట్టేవాడు. నా బండి మొదటిసారి బాగుచేసి ఇచ్చిన రోజు ఆ గొట్టం చూపించి, "సారూ, ఇది దీని ఊపిరి. దీన్నుంచి నాలుగు చుక్కలు పడితే పడనీండి. దీని జోలికి మాత్రం పోవద్దండి" అన్నాడు. లోపలి గాలి గురించి ఇంకా ఏదో చెప్పాడు. నేను అప్పుడు డైరీ రాసుకుంటున్నాను. తలూపాను. వినలేదు. పాఠం చెప్పేటప్పుడు వినని పిల్లల్ని బెంచీ ఎక్కించమని పంతుళ్ళకు చెప్పేది నేనే.

అట్లా రెండేళ్ళు గడిచాక, మార్చిలో రాయచోటి, కడపల మధ్య బస్సులు నడిపే శెట్టి ఒకాయన కడపలో పెద్ద షెడ్డు కడుతున్నాడు. ఎనిమిది బస్సులకు పెద్ద మిస్త్రీగా ఈయన్ను పెట్టుకోవాలని అనుకున్నాడు. ఉగాది పోయాక చేరమని కబురు కూడా పంపించాడు. ఆ సంగతి చెప్పిన రోజు మిస్త్రీ చెవిలో ఈక తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"సిమెంటు నేల అంట సారూ. పైన రేకులంట. వాన పడితే ఇంజను మీద గోనెసంచి కప్పి నేను తడిసే పని ఉండదు. మా ఇంటామె అప్పుడే కడప నీళ్ళు ఉప్పగుంటాయా తియ్యగుంటాయా అని అడుగుతాంది" అన్నాడు.

శెట్టి నన్ను ఎరుగును. మిస్త్రీ పని ఎట్లా ఉంటుందని అడిగితే నేను బాగా చెప్పాను కూడా. ఆ మాట మిస్త్రీకి తెలిసి, నేను వద్దంటున్నా నా బండి ఇంజను విప్పి, అన్ని అతుకులూ కొత్తగా చేసి ఇచ్చాడు. దస్తీ పరిచాడు. కారదు అన్నాడు.

అయిదారు రోజులకు కడపలో మా ఇన్‌స్పెక్టర్ల సమావేశం వచ్చింది. కొత్తగా తెల్ల డ్రిల్లు సూటు కుట్టించుకున్నాను. ముందురోజు సాయంత్రం మా ఆవిడ వాకిట్లో నిలబడి, కడిగిన నాపరాళ్ళ మీద నాలుగు నల్ల చుక్కలు చూపించింది. "కారదు అన్నాడు గదా మీ మిస్త్రీ? శుక్రవారం పూట గడప ముందర ఇదేం నలుపు?" అంది. ఆ గొట్టం నుంచి పడ్డ చుక్కలవి. నా తెల్ల ప్యాంటు అంచు కూడా సరిగ్గా ఆ గొట్టం పక్కకే వస్తుంది. బల్ల మీద పరీక్ష కాగితాల కట్టలకు సీళ్ళు వేస్తున్నాను. ఎదురుగా ఎర్రలక్క, కొవ్వొత్తి ఉన్నాయి. మందుసీసా బిరడా ఒకటి చెక్కి గొట్టంలోకి దిగగొట్టి, మీద లక్క కరిగించి పోశాను. మిస్త్రీ చేయలేని పని నేను చేశాననుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున గువ్వలచెరువు కనుమలో పోతుంటే సగం దూరంలో మోకాలికి వేడిగా తగిలింది. వంగి చూస్తే ఇంజను నిండా నూనె. మూత దగ్గర, సిలిండరు మొదట్లో, వెనక, ముందర, అతుకు అన్న ప్రతి చోటా ఉబికి వస్తోంది. బండి దిగేసరికి ప్యాంటు రెండు కాళ్ళూ నల్లగా తడిసి ఒంటికి అంటుకుపోయాయి. సమావేశానికి పై అధికారి వస్తున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

అదే సమయానికి వెనక నుంచి శెట్టి బస్సు వచ్చి ఆగింది. ముందు సీట్లో శెట్టే ఉన్నాడు. దిగివచ్చి చూశాడు.

"ఇదేం సార్, ఇట్ల అయిపోయింది? మన మిస్త్రీ మొన్నే గదా విప్పి చేసింది?"

"అతని చేతి పనే. వారం తిరగలేదు, చూడండి" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బస్సులో జనం కిటికీల్లోంచి నా ప్యాంటు చూస్తున్నారు. "ఇట్లాంటి చేతికి ఎనిమిది బస్సులు అప్పగిస్తే ఈ కనుమలో మనుషుల్ని చంపుతాడు" అన్నాను.

బిరడా నాకు గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. ఆ చిన్న ముక్కకూ ఇంత నూనెకూ సంబంధమేమిటని అనుకున్నాను. శెట్టి ఇంజను వైపు ఒకసారి చూసి, నన్ను బస్సులో ఎక్కించుకున్నాడు.

బండిని కనుమ కాపలావాడి గుడిసె దగ్గర వదిలితే రెండు రోజుల తర్వాత ఎద్దుల బండిలో ఇంటికి చేరింది. ఆ మధ్యాహ్నం పెరట్లో నిలబెట్టి, నూనె పోసి, కాలితో తన్ని స్టార్టు చేశాను. కాసేపు ఆడిందో లేదో ఠప్పుమని చప్పుడైంది. దారి కుదుపులకు లక్క బీట వారినట్టుంది, బిరడా ఎగిరిపోయి ప్రహరీగోడకు తగిలి కింద పడింది. గొట్టంలోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఇంజను చుట్టూ తుడిచి చూశాను. ఎక్కడా చుక్క లేదు. పావుగంట ఆడించాను. ఎక్కడా లేదు. ఇది దీని ఊపిరి అని ఆయన చెప్పింది అప్పుడు గుర్తుకొచ్చింది. లోపలి గాలి పోయే దారి నేను మూసేస్తే, అది నూనెను పట్టుకొని దొరికిన చోటల్లా తోసుకొని వచ్చింది. గోడ దగ్గరికి పోయి బిరడా తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత చాకు తెచ్చి గొట్టం అంచున మిగిలిన లక్క పెచ్చులు గీకేశాను. ఎందుకు గీకానో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడగనక్కర్లేదు.

పొద్దు గూకకముందే మిస్త్రీ వచ్చాడు. మనిషి మొహంలో రక్తం లేదు. షెడ్డుకు రావద్దన్న శెట్టి కబురు ఆయనకు అప్పటికే అందింది.

"సారూ, ఒక్కసారి చూడనీండి" అన్నాడు. శెట్టికి ఎందుకు అట్లా చెప్పారని కూడా అడగలేదు.

మళ్ళీ కిరసనాయిలుతో కడిగాడు. ముగ్గుపిండి చల్లాడు. ఇంజను ఆడించి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేలు తీసుకుపోయి ఆ గొట్టం చివర పెట్టాడు. నా చెయ్యి జేబులోని బిరడా మీదికి పోయింది.

"ఊపిరి బాగనే ఆడతాండాది" అని వేలు తీసేశాడు. పిండి మీద ఎక్కడా తడి లేదు. అందుకే ఆయనకు దిక్కు తోచలేదు. కారుతూ ఉంటే బాగుండేది ఆయనకు, కనీసం తప్పు ఎక్కడో తెలిసేది. చాలాసేపు ఇంజను చూసి, తర్వాత నా వైపు తిరిగాడు.

"సారూ, దీన్ని మీరేమన్నా ముట్టుకుంటిరా?"

మర్యాదగా, భయంగా అడిగాడు. అవునన్నా సరిపోయేది. ఇద్దరం కలిసి శెట్టి దగ్గరికి పోతే రెండు మాటల్లో అయిపోయేది. కానీ బస్సునిండా జనం ముందు నేను అన్న మాట ఉంది. లేదు, నా బిరడా అని మళ్ళీ వాళ్ళందరి ముందూ చెప్పుకోవాలి. బడుల ఇన్‌స్పెక్టరు చెప్పిన మాట వినలేదని, గొట్టానికి సర్కారు లక్కతో సీలు వేశాడని ఊరు నవ్వుకుంటుంది.

"లేదు" అన్నాను.

ఆయన నమ్మాడు. నేను పెద్దవాణ్ణి, అబద్ధం చెప్పనని నమ్మాడు. తన రెండు చేతులూ తిప్పి చూసుకొని, "అట్లయితే నా చేతిలోనే ఏందో తేడా వచ్చిండాది సారూ" అన్నాడు.

ఇంజను మళ్ళీ దించి, మూడు రోజులు కూర్చొని, ప్రతి అతుకూ మొదటి నుంచి చేశాడు. పైసా తీసుకోలేదు. బండి ఇచ్చేటప్పుడు దస్తీ పరవలేదు. కారదు అనలేదు. "నాకు తెలిసినంత వరకు చేసినా సారూ. చూసుకోండి" అన్నాడు. ఆ తర్వాత ఎవరి బండి చేసినా అదే మాట. ఒకసారి బిగించిన మరను రెండుసార్లు, మూడుసార్లు చూసుకునేవాడు. ఒక పూట పని రెండు రోజులయ్యేది. కారదు అన్న మాట కోసం వచ్చేవాళ్ళు ఆ మాట లేకపోయేసరికి తగ్గిపోయారు. షెడ్డులోకి శెట్టి మద్రాసు వైపు నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నాడు.

నేను చెప్పాలని శెట్టి అంగడికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి శనక్కాయ ధరల గురించి మాట్లాడి వచ్చాను. రెండోసారి కాఫీ ఇప్పించాడు, తాగి వచ్చాను. ఏడాది తిరక్కుండానే మిస్త్రీ కొట్టం విప్పేసి, భార్య పుట్టిల్లు వేంపల్లెకు పోయాడని తెలిసింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఊరట కలిగింది. కడప రోడ్డు మీద తల దించుకొని పోయే పని లేకుండా పోయింది.

తర్వాత ఒకేసారి చూశాను, యుద్ధం రోజుల్లో, వేంపల్లె బడి తనిఖీకి వెళ్ళినప్పుడు. శనక్కాయల మిల్లు ముందు ఆయిలింజను ఒకటి విప్పుకొని కూర్చొని ఉన్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బండి ఎట్లుండాది సారూ?"

"పెట్రోలు దొరక్క అమ్మేశాను మిస్త్రీ."

"అమ్మేదాకా కారిందా?"

"ఒక్క చుక్క కారలేదు."

ఆ మాట విని సంతోషిస్తాడనుకున్నాను. కానీ ఆయన మొహం ఇంకా చిన్నబోయింది. "మరి ఆ పొద్దు ఎందుకు కారిందో సారూ. ఇప్పటికీ తెలుసుకోలేకపోతి. ముందురోజు ముసురు పట్టింది, కాగితానికి చెమ్మ తగిలిందేమో అనుకుంటి. లక్క పాతదేమో. యాదో ఒకటి అయ్యుండాల గదా? ఊరికే కారదు గదా సారూ?"

అయిదేళ్ళుగా ఆ మనిషి ఆ ఇంజనును మనసులో విప్పుతూ బిగిస్తూనే ఉన్నాడు. జవాబు నా దగ్గర ఉంది. "లక్క పాతదై ఉండొచ్చు" అన్నాను. అవునవునని తలూపాడు, నా మాట మీద గౌరవంతో.

అందుకే మొన్న ఆ పంతులు చెప్పిన కబురు విన్న మర్నాడు బస్సెక్కి వేంపల్లె వెళ్ళాను. ఈసారి చెప్పేయాలనే వెళ్ళాను. ఆయన లేకపోతే ఆయన ఇంట్లోవాళ్ళకైనా చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. బిరడా, లక్క, గొట్టం, నేను చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా పెట్టుకున్నాను.

చిన్న మట్టిమిద్దె. మూడోనాటి ప్రార్థనలు అయిపోయి, చాప మీద అయిదారుగురు పెద్దవాళ్ళు కూర్చొని ఉన్నారు. ఆయన తమ్ముడు నన్ను గుర్తుపట్టి కుర్చీ తెచ్చాడు. నేను వద్దని చాప మీదే కూర్చున్నాను. నేనెవరో లోపలికి చెప్పి వచ్చి, "మా వదిన మీతో ఒక మాట చెప్పాలంటాంది సార్" అన్నాడు. తలుపు ఓరగా తెరిచి, దానికి వేలాడే దుప్పటి వెనక ఆమె వచ్చి నిలబడింది. మనిషి కనపడలేదు, గొంతు మాత్రం వినపడింది.

"సారూ, మీరే వస్తిరి. మేమే మీకు కబురు పంపాలనుకుంటిమి" అంది. "మాలో మనిషి పోతే, ఆయన తెలిసీ తెలీక ఎవురికేం తప్పు చేసిన్యా మాఫ్ చేయమని ఆయన తరపున మేము అడుక్కోవాల. వాళ్ళు మాఫ్ చేయకుంటే ఆ భారం ఆయన మీదనే ఉంటాదంట. అందురినీ అడిగినాము. మీరొక్కరే మిగిలిన్యారు."

నేను దుప్పటి వైపు తిరిగి కూర్చున్నాను.

"మీ బండి పని చెడగొట్టిన్యాడు. మీకు కనుమలో శానా అవమానమైంది. మంచంలో పడినాక గూడా ఆ మాటే అనేటోడు. నేను గూడా ఆయన్ను ఊరికే పెట్టల్యా సారూ. నీ చేతకానితనంతో కడప పోగొడితివని ఎన్నిసార్లు అన్యానో. మీరు పెద్దోళ్ళు. మనసులో పెట్టుకోకుండా మాఫ్ చేసినానని ఒక్క మాట అనండి."

"తప్పు ఆయనది కాదమ్మా. తప్పు నాది" అన్నాను.

చాప మీది పెద్దాయన ఒకరు చప్పరించి, "ఎంత మంచి మాటప్పా" అన్నాడు. ఆమె దుప్పటి వెనక ఏడుస్తోంది.

"మీరు పెద్దమనసుతో అట్ల అంటాండారు. పోయిన మనిషి మీద దయతో అంటాండారు. అట్ల గాదు సారూ. మాఫ్ చేసినాననే అనాల. అప్పుడే నాకు నిమ్మళం."

అప్పుడు చెప్పాల్సింది. నేను బిరడా కొట్టానమ్మా, దానివల్లే కారింది, నీ మొగుడు అడిగితే లేదన్నాను అని. దారంతా వల్లె వేసుకున్న మాటలే. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆమె తొమ్మిదేళ్ళు ఆయన్ను చేతకానివాడన్నది నా మాట నమ్మే. ఇప్పుడు చెబితే ఆమె ఏమైపోతుందోనని ఆగాననుకోవాలని ఉంది. కానీ అది నిజం కాదు. భయం వేసింది. ఆ రోజు పెరట్లో వేసిన భయమే.

"మాఫ్ చేశానమ్మా" అన్నాను.

"అల్లా మిమ్మల్ని, మీ పిల్లల్ని సల్లగా చూడాల సారూ" అంది ఆమె.

ఆ దీవెన కూడా తీసుకొని లేచి వచ్చేశాను.